రహస్యంగా చూడబడును

"ఈ బోర్డు రాసిన మహానుభావులు ఎవరండీ?"

చెవుల డాక్టరమ్మ ఆ మాట అడిగేసరికి, బోర్డులబ్బాయి చేతిలో కుంచె కాస్తా రంగు డబ్బాలో మునిగిపోయింది. వీధికి అవతల ఆమె క్లినిక్, ఇవతల ఇతని కొట్టు. మూడు నెలలుగా కిటికీలోంచి ఆమెను చూస్తూనే ఉన్నాడు గానీ, ఆమే నడిచొచ్చి తన ఎదుట నిలబడుతుందని కలలో కూడా అనుకోలేదు. తీరా వచ్చింది, చంకలో తను రాసిన బోర్డుతో, కళ్ళలో నిప్పులతో.

"నేనేనండీ. అక్షరాలు బాలేవా?"

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మాటే నా కొంప ముంచింది. పైకి చదవండి."

గొంతు సవరించుకుని చదివాడు. "ఇచ్చట చెవులు రహస్యంగా చూడబడును."

"నేను చీటీ మీద ఏం రాసి పంపాను?"

"ఇచ్చట చెవులు చూడబడును, మీ వివరాలు గోప్యంగా ఉంచబడును, అని. గోప్యమంటే జనానికి కొరుకుడు పడదేమోనని నేనే కాస్త... రెండూ ఒకటే కదండీ!"

"ఒకటేనా? రహస్యం అనగానే గోడల మీద ఏ రోగాల ప్రకటనలు గుర్తొస్తాయో మీకు తెలీదా? ఇది తగిలించిన వారం రోజులుగా చెవినొప్పితో ఒక్కరూ రాలేదు. వచ్చినవాళ్ళంతా మొహానికి రుమాలు కట్టుకుని, 'చెవి కాదండీ, అసలు సంగతి వేరే' అంటున్నారు. ఒకాయన టోకెన్లిచ్చే మా అమ్మమ్మ చెవిలో రోగం పేరు చెప్పాడు. ఆవిడకి వినపడక గట్టిగా చెప్పమంది. అంతే, చెప్పులు కూడా తొడుక్కోకుండా పారిపోయాడు!"

అతనికి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయి పొలమారాడు.

"నవ్వండి, నవ్వండి. ఈ నెలంతా ఇలాగే ఉంటే క్లినిక్ మూసేసి, ఇదివరకు పనిచేసిన పాత ఆసుపత్రికే పోతాను. రైల్లో ఒక రోజు ప్రయాణం."

నవ్వు ఎటుపోయిందో పోయింది. ఆ కిటికీలో ఆమె లేకపోతే తను పొద్దున్నే కొట్టు తెరవడం ఎందుకు?

"ఇప్పుడే మార్చి రాసిస్తానండీ. తేడా ఏమిటో మాత్రం చెప్పండి, మళ్ళీ తప్పు చేయను."

ఆమె కోపం కొద్దిగా దిగింది. స్టూలు లాక్కుని కూర్చుంది. "బయటపడితే మన పని గోవిందా అనుకునేది రహస్యం. నన్ను నమ్మి చెప్పుకున్నది ఇంకొకరికి చేరకుండా చూడటం గోప్యం. అందులో తప్పూ లేదు, సిగ్గూ లేదు. వాళ్ళ సంగతి వాళ్ళది."

"మరి గుట్టు?"

"అది ఇంటిది. చెవుల డాక్టరు అమ్మమ్మకే చెవుడు, వినికిడి మిషను పెట్టుకోనని మొండికేస్తుంది. అది మా ఇంటి గుట్టు. ఎక్కడా అనకండి."

"అననండీ. మరి దాపరికం?"

"అడిగినా చెప్పకపోవడం." ఆమె కిటికీ వైపు చెయ్యి చూపించింది. "మీరు రోజూ ఆ కిటికీలోంచి ఎవర్ని చూస్తుంటారు?"

"అబ్బే, ఎవర్నీ లేదండీ! మీ బోర్డు వంకరగా ఉందేమోనని..."

"అదిగో, దాపరికమంటే అదే!"

కొత్త బోర్డు ఎక్కిన నాలుగో రోజుకి క్లినిక్ కళకళలాడింది. బయట జోరున వాన. అయినా బెంచీల మీద చోటు లేదు. వినికిడి పరీక్ష గది లోపల "నిశ్శబ్దం" అని రాయమని కబురొస్తే, బోర్డులబ్బాయి రంగులతో వచ్చాడు. టోకెన్లిచ్చే అమ్మమ్మని అడిగాడు. "ఈ గదిలో ఏం మాట్లాడినా బయటికి వినపడదు కదండీ?"

"ఆఁ, ఆఁ, అంతే నాయనా," అంది అమ్మమ్మ. ఎవరేమడిగినా ఆవిడ చెప్పే జవాబు అదే.

మందపాటి తలుపు మూసుకున్నాడు. "ని" రాశాడు. ఇంత భద్రమైన చోటు మళ్ళీ దొరకదని, ఎదురుగా ఉన్న మైకునే డాక్టరమ్మ అనుకుని రిహార్సల్ మొదలుపెట్టాడు.

"డాక్టరుగారూ, వంకర బోర్డూ లేదు, నా మొహమూ లేదు. నేను చూసింది మిమ్మల్నే. మీరు వెళ్ళిపోతే ఆ కిటికీని ఇటుకలతో మూయించేసుకోవాలి నేను. మీరంటే నాకిష్టం. చచ్చేంత ఇష్టం."

తలుపు ధడాల్న తెరుచుకుంది. ఎర్రబడ్డ మొహంతో డాక్టరమ్మ, ఆమె వెనక అమ్మమ్మ, ఆవిడ వెనక మొత్తం బెంచీలు!

"ఆ మైకు నా బల్ల మీది స్పీకరుకి కలిపి ఉందండీ," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "ఇందాక ఒక తాతగారికి పరీక్ష చేస్తూ సౌండు ఫుల్లుగా పెట్టి మరిచిపోయాను."

అమ్మమ్మ కళ్ళు మెరిశాయి. "ఇన్నేళ్ళకి ఒక్క మాట పొల్లు పోకుండా వినపడిందే! మిషనంటే ఇలా ఉంటుందా? అయితే నాకూ ఒకటి పెట్టెయ్. అబ్బాయ్, ఆ చివరి ముక్క మళ్ళీ చెప్పు. మా పిల్లతో చెప్పు. నాకు మాత్రం సమ్మతమే!"

బెంచీలు గొల్లుమన్నాయి. అతను సిగ్గుతో కుంచె ఏ జేబులో పెట్టుకుంటున్నాడో కూడా చూసుకోలేదు. తెల్లచొక్కా కాస్తా నీలమైంది.

"పాత బోర్డు పారేశారా?" అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ. మీ చేత్తో తెచ్చారని దాచుకున్నాను."

"అయితే 'చెవులు' అన్న మాట చెరిపేసి మీ కిటికీకి తగిలించుకోండి. నేను ఎక్కడికీ వెళ్ళట్లేదు. మూణ్ణెల్లుగా మా కిటికీకి పరదా ఎందుకు వేయట్లేదో ఒక్కరోజైనా ఆలోచించారా?"

అతను తల గోక్కున్నాడు. "మరి ఇంతమందికీ తెలిసిపోయాక ఇంకా 'రహస్యంగా' ఎందుకండీ?"

"అదీ చెరిపేయండి!" అంది ఆమె, ఫక్కున నవ్వి.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ కిటికీ తెరిచేసరికి, ఎదురుగా ముత్యాల్లాంటి అక్షరాలు: "ఇచ్చట చూడబడును."