బొల్లి ఒప్పుకున్న రోజు

జనగామ అంగట్లో ఆ ఉదయం కూడా బేరాన్ని ఎద్దే చెడగొట్టింది. దళారి "నాలుగు పళ్లదే, లేత ఎద్దు" అని ఊదరగొడుతుంటే, అది మెడ తిప్పి, "ఎనిమిది పళ్లున్నయి. ఎడమ కాలు గుంజుతున్నది" అంది. జనం గొల్లుమన్నారు. కారులోంచి చూస్తున్న కౌసల్యకూ నవ్వాగలేదు. స్వరబీజం వచ్చి దళారుల నోట్లో మన్ను కొట్టింది మరి!

మినపగింజంత బీజం. గొంతు నరానికి అంటిస్తే చాలు, గొడ్డు తన బాధ తానే చెప్పుకుంటుంది. పాలు పిండే ముందు బర్రె నొప్పి చెబుతోంది, కాపలా కుక్క వచ్చినవాడి ఆనవాలు చెబుతోంది. నోరులేని జీవాలు అన్న మాటే పిల్లల పాఠాల్లోంచి పోయింది. ఇదంతా ఒక్క మనిషి చలవ. ఆయన డాక్టర్ ఓదెలు. చదువు ముగిసిన నాటి నుంచి కౌసల్య ఆయన దగ్గరే సహాయకురాలు.

ఆమెకు ఆయన మీద ఉన్నది ఉత్త గౌరవం కాదు, భక్తి. దానికి కారణముంది. మత్తిస్తే గొంతు నరం పలకదు, మెలకువగా ఉన్న జీవానికే కత్తి పెట్టాలి. ఇంకెవరైనా అయితే కాళ్లు కట్టేసి కోసేవారు. ఓదెలు అలా చేయలేదు. గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టినవాడు. వాళ్ల ఇంట్లో దేవుడికి మేకనిచ్చే ముందు వీపు మీద నీళ్లు పోసి ఎదురుచూసేవారు. అది ఒళ్లు విదిలిస్తేనే ఒప్పుకున్నట్టు. విదల్చకపోతే పొద్దుగూకినా ముట్టుకునేవారు కాదు. ఆ పద్ధతినే ఆయన ప్రయోగశాలకు తెచ్చాడు. "అది ఒప్పుకోనిదే నేను కత్తి పట్ట బిడ్డా" అన్న ఆయన మాటకే కౌసల్య మొదటిరోజు చేతులెత్తి మొక్కింది. అప్పటి నుంచి చెంబుతో నీళ్లు పోసే పని ఆమెదే.

స్వరబీజానికి ఒక్కటే లోటు. జీవాలు అప్పటికప్పుడు తోచింది చెప్పగలవు గాని, జరిగిపోయింది చెప్పలేవు. ఆ లోటు తీర్చేదే స్మృతిబీజం. దాన్ని కోత లేకుండా, సూదితోనే మొదట బొల్లికి పెట్టారు. లోకంలో మొదట మాట్లాడిన మేక అది. మెడ నిండా, మాట రాకముందు పడిన కోతల మచ్చలే. ఈరోజు అది గతం చెప్పగలిగితే, రేపే స్మృతిబీజం దేశంలోని మాట్లాడే జీవాలన్నిటికీ వెళుతుంది. ఓదెలు బతుకంతా ఎదురుచూసింది ఈ ఒక్కరోజు కోసమే.

కౌసల్య ప్రయోగశాల లోపలికి వచ్చేసరికి ఆయన నేల మీద, బొల్లి ముందర బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"బొల్లీ, నీకు యాదికున్నది చెప్పు."

బొల్లి చాలాసేపు నెమరు వేసింది. "మా అమ్మ పొదుగు. ఇప్పపూలు రాలినయి. వాన పడితే అమ్మ కడుపు కిందికి దూరిన."

కౌసల్యకు కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత గొప్ప మనిషి ఈయన! మేకకు తల్లిని తిరిగి ఇచ్చాడు.

ఓదెలు ముందుకు వంగాడు. "నువ్వు నాకు ఒప్పుకున్న దినం యాదున్నదా? కౌసల్య నీళ్లు పోసింది. నువ్వు ఒళ్లు ఇదిలిచ్చినవ్."

"యాదున్నది. నీళ్లు సల్లగుండె సారూ. అందుకే వణికిన."

"ఒప్పుకున్నవని..." ఆయన మాట తడబడింది.

"ఒప్పుకునుడంటే ఏంది?"

"ఒళ్లు వణికితే... ఒప్పుకున్నట్టు."

"గట్లనా! నాకెవ్వరు చెప్పలే" అంది బొల్లి. దాని గొంతులో కోపం లేదు. "బాగ నొచ్చింది సారూ. ప్రతిసారి నొచ్చింది."

ఇన్నాళ్లూ చెంబు పట్టిన తన చేతిని కౌసల్య చూసుకుంది. అయినా మొదట ఆయన్నే కాపాడుకోవాలనిపించింది. దగ్గరికి వెళ్లి, "సార్, ఈ బీజం పంపొద్దు. కోసిన ప్రతి జీవి ఇదే మాట చెప్తది. మీరు చేసిన మంచంతా మట్టిల కలుస్తది. పని చెయ్యలేదని చెప్దాం. మనిద్దరికి తప్ప ఎవ్వరికి తెల్వదు" అంది బతిమాలుతూ.

ఓదెలు చూపు బొల్లి మెడ మీది మచ్చల మీదే ఉంది. మెల్లగా భుజాలు, ఆ తర్వాత ఒళ్లంతా వణకసాగింది. పక్కనున్న దుప్పటి కౌసల్య కప్పినా ఆ వణుకు ఆగలేదు.

బొల్లి లేచి వచ్చి ఆయన మోకాలికి ఒరిగి నిలబడింది. మొహంలోకి మొహం పెట్టి చూసింది. అది ఇప్పుడే నేర్చుకున్న పాఠం మరి.

"నువ్వు గూడ వణుకుతున్నవు సారూ. నువ్వు దేనికి ఒప్పుకున్నవ్?"

ఆయన దాని మెడ మీద చెయ్యి వేశాడు.

"ఆ బీజం పంపుడుకు" అన్నాడు.