నయం కానివాళ్ళు ఎక్కడ?

మధ్యాహ్నం భోజనాలయ్యాక బీఏ మూడో సంవత్సరం పిల్లలు దుప్పట్లు చంకన పెట్టుకుని కాలేజీ కొండ ఎక్కడం 2091 నాటి విశాఖలో ఎవరికీ వింత కాదు. ప్రాక్టికల్స్‌కి వెళ్తున్నారని కింద టీ కొట్టువాడికి కూడా తెలుసు. కెమిస్ట్రీ వాళ్ళకి ల్యాబు ఉన్నట్టే, ప్రాచీన మధ్యధరా మతాలు, గ్రీకు లాటిన్ క్లాసిక్స్ చదివేవాళ్ళకి నిద్రశాల ఉంది. అక్కడ నిద్రపోవడమే పరీక్ష.

పాత కాలపు గ్రీసులో రోగులు అస్క్లేపియస్ అనే వైద్యదేవుడి గుడికి వెళ్ళి, శుభ్రంగా స్నానం చేసి పడుకునేవారు. దేవుడు కలలోకి వచ్చి నయం చేస్తాడని వాళ్ళ నమ్మకం. నయమైనవాళ్ళ కథల్ని గుడిలో రాళ్ళ మీద చెక్కారు. గుడ్డివాడి కళ్ళు దేవుడు తడిమాడని, కాలి పుండుని పాము నాకిందని, ఇలాంటివి. ప్రొఫెసర్ రుక్మాంగద ఆ రాళ్ళ మీది మాటలన్నీ ఒక యంత్రానికి నేర్పాడు. దాని పేరు దైవానుకృతి. పిల్లలు మాత్రం 'సామి' అంటారు.

తలకి స్వప్నబంధం కట్టుకుని పడుకుంటే చాలు. అదొక న్యూరల్ బ్యాండ్. సామి పంపే బొమ్మలూ మాటలూ దాని ద్వారా నిద్రలోకి వెళ్తాయి. పంపినవన్నీ బయట తెర మీద కనిపిస్తాయి. లేచాక విద్యార్థి తన కల చెప్పాలి. పుస్తకంలో చదివితే తెలియని భక్తి ఆ పూట లోపల్నించి తెలుస్తుందని ప్రొఫెసర్ ఆలోచన.

సామి కలలో నయం చేస్తాడని పిల్లలు ఇంటికెళ్ళి చెప్పారు. కాలేజీవాళ్ళు కూడా వాలంటీర్లు కావాలని గేటుకి బోర్డు పెట్టారు. ఇంకేముంది, చేతికర్రలతో, ఆక్సిజన్ డబ్బాలతో కొండ మీద క్యూ మొదలైంది.

ఆ క్యూలో, మూడో సంవత్సరం చదివే నీలవేణి తండ్రి పైడయ్య కూడా నిలబడతానన్నాడు. హార్బర్లో బొగ్గు ఎత్తి ఎత్తి ఊపిరితిత్తులు పాడైపోయాయి. కృత్రిమ ఊపిరితిత్తి పెట్టడానికి శుక్రవారం ఆపరేషన్. ఆ రోజు దాటిపోతే ఇక ఆపరేషన్‌ని శరీరం తట్టుకోదని డాక్టరు తేల్చి చెప్పాడు.

"డాక్టరు కోస్తానంటన్నాడు. మీ సామి కొయ్యకుండా బాగు సేస్తాడంట. ఎవుడి మాటినాలే?" అన్నాడు పైడయ్య, దగ్గు ఆపుకుంటూ.

"అది దేవుడు కాదు నాన్నా. మా సబ్జెక్టు కోసం కట్టిన మిషను."

"మిషనైతే మరీ మంచిది. దేవుడికైతే లంచాలెట్టాల. అవునూ, ఆ గ్రీకు సామికి తెలుగొచ్చునేటి?"

"వచ్చు."

"అయితే ఇంకేటి? ఓపాలి అడిగొస్తాను. ఒద్దంటే ఒద్దు, కోయించుకోమంటే కోయించుకుంతాను."

నీలవేణికి భయం వేసింది. సామి ఇంతవరకూ ఎవరికీ నయం కాదని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలుసుకోవాలని ప్రొఫెసర్ గదికి వెళ్ళి యంత్రాన్నే అడిగింది.

"నా దగ్గరకి వచ్చి నయం కానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని సామి ఎదురు అడిగింది. గొంతు మెత్తగా, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. "అడుగుల చప్పుడు చాలా మందిది వినిపిస్తుంది. పేర్లు మాత్రం కొన్నే ఉన్నాయి. మిగతావాళ్ళు ఎక్కడ?"

ప్రొఫెసర్ నుదురు రుద్దుకున్నాడు. "నయం కానివాడు గుడిలో రాయి ఎందుకు చెక్కిస్తాడమ్మా? మనం దీనికి బతికినవాళ్ళనే చూపించాం. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, నాకే తట్టలేదు."

"అయితే చచ్చిపోయినవాళ్ళని కూడా చూపిద్దాం సార్."

ఆ కాలపు సమాధి రాళ్ళ మీది రాతలన్నీ ఇద్దరూ కలిసి యంత్రానికి ఎక్కించారు. పసిపిల్లలు, బాలింతలు, జ్వరాలతో పోయినవాళ్ళు. అవి ఎక్కుతున్నంతసేపూ స్పీకర్లోంచి చిన్న మూలుగు లాంటిది వచ్చింది. ఆఖర్న సామి, "వీళ్ళందరూ నా దగ్గరే పడుకున్నారు కదా?" అంది.

మర్నాడు మధ్యాహ్నం పైడయ్య పడుకున్నాడు. నీలవేణి తెర ముందు కూర్చుంది. తెర మీద తెల్లగడ్డం దేవుడు వచ్చాడు. వెనకాల వరసలు వరసలుగా చచ్చిపోయినవాళ్ళు నిలబడి ఉన్నారు. దేవుడు తల అడ్డంగా ఊపాడు. "నా వల్ల కాదు. ఆపరేషన్ చేయించుకో," అన్నాడు.

నీలవేణికి గుండె తేలికపడింది. పైడయ్య లేచి కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"సూసినావేటే? బాగైపోద్దన్నాడు! ఎనకాల జనం, ఆళ్ళందరికీ బాగు సేసీసినాడంట. కోత ఒద్దన్నాడు."

"నాన్నా, వద్దనలేదు! చేయించుకోమన్నాడు. నేను చూశాను."

"కలగన్నది నానా, నువ్వా?"

ఆ రోజు క్యూలోంచి వచ్చి పడుకున్న వాళ్ళందరికీ సామి తన వల్ల కాదనే చెప్పింది. అందరూ నవ్వుతూనే లేచారు. ఒక ముసలామె అయితే ప్రొఫెసర్ కాళ్ళ మీద పడింది.

"మిషను బొమ్మే పంపుతుంది," అన్నాడు ప్రొఫెసర్, గొంతు తగ్గించి. "అర్థం పడుకున్నవాడిది. ఆ కాలంలో కూడా ఇంతేనేమో."

నీలవేణి దుప్పటి పరిచింది. "నేను పడుకుంటాను సార్. నాకు దీని సంగతంతా తెలుసు, నేను మోసపోను. ఆయనకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో సామినే అడుగుతాను."

స్వప్నబంధం కట్టుకుని కళ్ళు మూసుకుంది. రాతిగచ్చు చల్లగా తగిలింది. దేవుడు పక్కనే కూర్చున్నాడు. ఆమె అడగకముందే చెయ్యి పట్టుకుని, ఏదో మెల్లగా చెప్పాడు. చిన్నప్పుడు నాన్న భుజం మీద కూర్చుని సముద్రం చూసినప్పటి ధైర్యం మళ్ళీ వచ్చింది.

లేవగానే ఫోను తీసింది.

"హాస్పిటలాండీ? పైడయ్య గారి అమ్మాయిని. శుక్రవారం ఆపరేషన్ క్యాన్సిల్ చేసేయండి. అవునండీ, అవసరం లేదు."

ప్రొఫెసర్ లేచి ఫోను లాక్కోబోయి, ఆగి, తెర ఆమె వైపు తిప్పాడు. "అమ్మా, ఒక్కసారి ఇటు చూడు. బాగా చూడు. నీకు పంపింది ఇదే."

తెర మీద దేవుడు తల అడ్డంగా ఊపుతున్నాడు. వెనక చచ్చిపోయినవాళ్ళందరూ ఆమె వైపే చూస్తున్నారు.

నీలవేణి దగ్గరకి వచ్చి, వంగి, కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. ముఖమంతా నవ్వు పరుచుకుంది.

"అవును సార్, ఇదే. ఎంత చక్కగా తల ఊపుతున్నాడో చూడండి."