సున్నంలో ఆగిన వెలుగు

మాదాపూర్ గుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న తొంభై ఎనిమిదో సంవత్సరం. ఆ ఏటి ఎండ గురించి చెబితే నమ్మరు గానీ, బండమీద పడ్డ నీడకు కూడా బొబ్బలెక్కేవి. అంత ఎండలోనూ బాలానగర్ అద్దాల షెడ్డు నుంచి అద్దాలు బిగించడానికి వచ్చిన శ్రీనుకు వణుకు పుట్టింది. ఎదురుగా నవ్య నిలబడి ఉంది మరి.

"నా గ్లాస్ మీద ఈ ఇంటూ మార్కు ఎవరు పెట్టినారు?"

నిలువెత్తు గాజుపలక. రెండు నెలలు కూర్చుని ఎరుపూ నీలమూ గాజుముక్కలు పేర్చి ఆమె చేసిన బొమ్మ. బొమ్మంటే చెట్టూ పిట్టా కాదు, ఉత్త రంగులే. వాటి మీద ఒకదాన్నొకటి కోస్తూ రెండు సున్నం చారలు.

"నేనే మేడం. కొత్త అద్దం కనవడాలని సైట్ల గట్లనే పెడ్తరు గదా."

"ఇదేమన్నా కిటికీనా? పదకొండుకు నాన్న వస్తాడు. నచ్చలేదంటే దీన్ని పీకేసి నల్ల గ్రానైట్ పెట్టిస్తాడు."

బిల్డింగు కాంట్రాక్టరు పుల్లయ్య ఆమె తండ్రే. కర్నూలు మనిషి, ఆయన మాట సిమెంటు. నిన్న వచ్చి, "ఈ రంగులు కండ్లల్లో పొడుస్తాండాయి పాపా" అని కళ్ళకు చెయ్యడ్డం పెట్టుకున్నాడు. నవ్య దిగులూ అదే. వెలుగు గాజులో నిలవడం లేదు, దూసుకుపోతోంది. గరుకు గాజు వేసి చూస్తే చచ్చిన చేప కన్నులా ఉంది.

ఇద్దరూ తడిగుడ్డలతో రుద్దారు. సున్నం పోలేదు. పలచబడి పలకంతా పాకింది.

"ఇగ అయిపాయె" అనుకున్నాడు శ్రీను.

అంతలో సూర్యుడు ఎదురు మేడ దాటి గాజు వెనక్కి వచ్చాడు.

"శ్రీనూ, రుద్దొద్దు. చెయ్యి తియ్."

ఎరుపు దూకడం మానేసింది. పాలలో కుంకుమపువ్వులా గాజులోపలే మెల్లగా విచ్చుకుంది. వాళ్ళ వేళ్ళు జారిన చోటల్లా నీలం అలలు కట్టింది.

"రెండు నెలలుగా నేను వెతికింది ఇదే" అంది నవ్య. "దీని మీద ఇంకో గాజు బిగించు. సున్నం రాలకూడదు."

గుమ్మంలో పుల్లయ్య. ఈసారి ఆయన చెయ్యి కళ్ళ దాకా లేవలేదు. చాలాసేపు చూసి, "ఇదేం బొమ్మో నాకు తెలీదు. ఉండనీ" అన్నాడు.

నవ్య శ్రీను వైపు తిరిగింది. "పక్క అద్దాలకు మార్కు లేదే. దీనికే ఎందుకు పెట్టినావు?"

శ్రీను తల గోక్కున్నాడు. "నిన్న మీరు రంగులల్ల మునిగి దీనికే రెండుసార్లు గుద్దుకున్నరు. నుదురు బొప్పి కట్టింది. నాకు రాత్రంతా పరేషాన్."

నవ్య నుదురు తడుముకుంది. వేళ్ళ సున్నం అక్కడా అంటింది.

"మార్కు పోయింది కదా. ఇంక తగిలితే?"

"నేనే అడ్డం నిలవడ్త."

"రోజూనా?"

"రోజూ, మేడం."

"రోజూ నిలబడేవాడు మేడం అనకూడదు."

పుల్లయ్య దగ్గాడు. మోచేతుల దాకా సున్నం పూసుకున్న ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు.

"ఏ ఊరబ్బీ మీది? ఇంట్లో పెద్దోళ్ళు ఎవురుండారు?"

శ్రీనుకు మళ్ళీ వణుకు పుట్టింది. నవ్య మాత్రం రంగుల వైపు తిరిగి నవ్వు దాచుకుంది. ఆ గాజులో ఏదీ దాగదని ఆ తొందరలో మరిచిపోయింది.