మాస్టారు చెప్పిన చోటు

తాళం తిరుగుతోంది!

పిచ్చుక అని మారుపేరున్న ఆ అమ్మాయి చటుక్కున మంచం కిందికి దూరుతుంది.

అది అక్క గది. చీకటి పడినా లైటు వెయ్యలేదు. మధ్యాహ్నం నుంచి అక్క జాడ లేదు. ఇప్పుడు అక్క తాళంచెవితోనే ఎవడో తలుపు తీస్తున్నాడు...

బూట్లు. గోధుమరంగువి. ఎడమ మడమ బాగా అరిగిపోయింది.

"మొహాలు చూడకండి, కాళ్లు చూడండి! చొక్కా మారుస్తాడు, బూట్లు మార్చడు." డిటెక్టివ్ ట్రైనింగ్‌లో మాస్టారు మొదటిరోజు చెప్పిన మాట.

బూట్లు దేనికోసమూ వెతకవు. తిన్నగా బీరువా దగ్గరికి వెళతాయి. కింద సొరుగు తెరుచుకుంటుంది.

అక్క ఉబ్బసానికి వాడే ఇన్‌హేలర్!

అది ఆ సొరుగులో ఉందని అక్క చెబితే తప్ప ఎవరికీ తెలియదు. అంటే అక్క బతికే ఉంది. ఊపిరాడక గిలగిల్లాడుతూ ఉంది.

పిచ్చుకకి ఏడుపు తన్నుకొస్తుంది. పసుపు స్కార్ఫ్ నోట్లో కుక్కుకుంటుంది.

రేపు ఉదయం అక్క కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అక్క పనిచేసిన బట్టల ఫ్యాక్టరీ తగలబడిన రోజు తలుపులకి బయటనుంచి తాళాలు వేయించింది ఓనరే. అది కళ్లారా చూసి బయటపడింది అక్క ఒక్కతే. సాయంత్రం పిచ్చుక పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తితే, "చిన్నపిల్లేం కాదుగా, రేపటిదాకా చూడండి" అన్నారు.

రేపటికి అక్క ఉంటేగా!

బూట్లు బయటికి నడుస్తాయి. వెనకే పిచ్చుక.

బజారు కిటకిటలాడుతోంది. నీలం చొక్కా, అరిగిన మడమ. మధ్యలో నలుగురైదుగురు మనుషుల్ని అడ్డం ఉంచుకుని నడుస్తుంది. ఫోన్ చెవికి ఆనిస్తుంది.

"మాస్టారూ! అక్కని ఎత్తుకుపోయినవాడు దొరికాడు! మందుల షాపు దాటి ఎడమవైపు..."

"శభాష్ పిచ్చుకా! కంగారుపడకు. మలుపు మలుపుకీ నాకు చెబుతూ ఉండు. ఫాలో అయ్యేవాళ్లు ఎక్కడున్నారో ఒక్కరికైనా తెలియాలి. గుర్తుందిగా?"

గుర్తుంది. నేర్పినవన్నీ గుర్తున్నాయి. షాపు అద్దంలో వెనకవాళ్లని చూడడం, నడక మార్చడం, ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట కలపడం. అక్క మాత్రం ఒకటే ఎగతాళి... "ఇంట్లో దువ్వెన ఎక్కడుందో కనిపెట్టలేవు, నువ్వు దొంగల్ని పడతావా?"

పిచ్చుక అని పేరు పెట్టింది మాస్టారే. "పిచ్చుకని ఎవరూ పట్టించుకోరు. ఈ పనికి అదే అసలు అర్హత" అన్నారు. సర్టిఫికెట్ మాత్రం ఇంకా ఇవ్వలేదు. ఇంకొక్క పరీక్ష ఉందట.

ముందు నడుస్తున్న వాడి ఫోన్ మోగుతుంది. వింటాడు. పెట్టేస్తాడు. నీలం చొక్కా మీద నల్ల జాకెట్ వేసుకుంటాడు.

చూసేశాడా?!

స్కార్ఫ్ తీసి సంచిలో కుక్కుతుంది. జుట్టు ముడి విప్పేస్తుంది. మళ్లీ ఫోన్.

"కళ్లజోళ్ల షాపు దగ్గర మాస్టారూ. జాకెట్ వేసుకున్నాడు!"

"వదలకు!"

ఆమె పెట్టెయ్యగానే... వాడి ఫోన్ మోగుతుంది.

సిగ్నల్ దగ్గర దారి ఖాళీగానే ఉంది. వాడు దాటడు. వంగి లేసులు కట్టుకుంటాడు. ఆమె దగ్గరపడ్డాక లేస్తాడు.

వెనక మనిషి ఉందని తెలిసినవాడు పరిగెత్తాలి కదా! వీడేంటి... ఆగుతున్నాడు?

ఫోన్ సంచిలో పెట్టేస్తుంది.

తర్వాతి రెండు సందుల్లో ఆమె ఫోన్ చెయ్యదు. వాడి ఫోన్ మోగదు.

చేస్తుంది. మోగుతుంది!

మాస్టారా? కాదు. కాకూడదు. నాన్న పోయినప్పుడు శ్మశానం దాకా నడిచొచ్చిన మనిషి. ఫీజు కట్టలేనంటే, "నువ్వు నేర్చుకోమ్మా, అదే ఫీజు" అన్న మనిషి. ఛ!

కానీ ఇంకో మాట కూడా ఆయనదే. "క్లయింట్ మంచివాడా చెడ్డవాడా అని మనం అడగం. పని చేస్తాం, అంతే." ఆ క్లయింట్ ఇప్పుడు ఫ్యాక్టరీ ఓనరేనా?

మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్. వాడు గేటు తోసుకుని లోపలికి పోతాడు. గేటు తెరిచే ఉంచుతాడు... రమ్మన్నట్టు!

ఆమె అక్క తరపు లాయరమ్మకి లొకేషన్ పంపుతుంది. 'పోలీసుల్ని తీసుకుని వస్తున్నా, వెనక సందులోకి రా' అని జవాబు.

ప్రహరీ పక్కనుంచి నక్కి నక్కి వెనక్కి వెళుతుంది. అద్దం ఊడిపోయిన కిటికీ. లోపల కుర్చీకి కట్టేసి అక్క! పిల్లికూతలు పెడుతున్న ఊపిరి... పెదాలు నల్లబడ్డాయి.

వాడు ఇన్‌హేలర్ చూపించి ఊరిస్తున్నాడు. "చెల్లెలికి ఏం చెప్పావ్? చెప్పు, ఇస్తా."

"దానికేం... తెలీదు... దాన్ని... వదిలెయ్..."

పిచ్చుక పిడికిలి కొరుక్కుంటుంది. వాడి నడుముకి పిస్టల్. పోలీసులు వచ్చేదాకా అక్క ఆగదు!

ఏదో ఒకటి చెయ్యాలి. ఏం చెయ్యాలి?

అప్పుడు గుర్తొస్తుంది. మాస్టారి పాఠమే. "అనుమానం వస్తే, ఆ ఒక్కడికే ఒక అబద్ధం చెప్పండి. అది ఎక్కడ తేలుతుందో చూడండి."

ముందు వాకిలికి పాక్కుంటూ వెళుతుంది. అక్కడున్న పాత జనరేటర్ వెనక, మోకాళ్ల ఎత్తున, స్కార్ఫ్ చివర కనిపించేట్టు తగిలిస్తుంది. మళ్లీ కిటికీ కిందికి. ఫోన్ కలుపుతుంది.

"మాస్టారూ," గుసగుసగా అంటుంది. "ప్రింటింగ్ ప్రెస్‌లో ఉన్నా. జనరేటర్ వెనక కూర్చున్నా. గోడకి వీపు ఆనించి, గేటూ తలుపూ రెండూ కనిపించేట్టు... మీరు నేర్పినట్టే."

"మంచి పని. కదలకు తల్లీ. వచ్చేస్తున్నా."

తల్లీ అన్నారు!

వాడి ఫోన్ మోగకూడదు... దేవుడా, మోగకూడదు!

కాదు, మోగాలి. మోగకపోతే మాస్టారు మంచివాడే, కానీ వాడు గది వదలడు. అక్క తన కళ్లముందే పోతుంది. మోగితే...

మోగుతుంది.

"సార్... జనరేటర్ వెనకా? సరే సార్."

ఆమె లోపల ఏదో పుటుక్కున తెగుతుంది. ఏడవడానికి తీరిక లేదు.

ఇన్‌హేలర్ బల్లమీద పడేసి, పిస్టల్ తీసుకుని వాడు బయటికి నడుస్తాడు.

పిచ్చుక కిటికీలోంచి దూకుతుంది!

"అక్కా! పీల్చు! ఇంకోసారి... గట్టిగా!"

అక్క ఊపిరి ఒక్కసారి లోపలికి వెళుతుంది. కళ్లు తెరుచుకుంటాయి. "చిన్నీ... ఎలా కనిపెట్టావే?"

"నోరు మూసుకుని పీల్చు!"

ముడులు బిగుసుకుపోయాయి. పళ్లతో లాగుతుంది. ఒకటి ఊడుతుంది. రెండోది...

ఢాం! ఢాం!

ముందు వాకిట్లో పసుపు స్కార్ఫ్ ఎగిరిపడుతుంది.

ఆ చోటు లోకంలో ఒక్క మనిషికే చెప్పింది.

రెండో ముడీ ఊడగానే అక్కని భుజానికెత్తుకున్నంత పని చేసి కిటికీ దాటిస్తుంది. వెనక సందు... పరుగు! సందు చివర లాయరమ్మ కారు, దాని వెనకే పోలీసు జీపు. అక్కని కారు లోపలికి తోసి తనూ ఎక్కుతుంది. తలుపు పడుతుంది.

చేతిలో ఫోన్ వణుకుతుంది.

మాస్టారు.

ఎందుకు చేశారో ఆమెకి తెలుసు. పని అయిందో లేదో ఒకరి మాట నమ్మొద్దు, మీరే చూసుకోండి అని నేర్పింది ఆయనే.

ఎత్తుతుంది.

ఆయన ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"మాస్టారూ..." అంటుంది పిచ్చుక. "పరీక్ష పాసయ్యానా?"

"...ఎక్కడున్నావమ్మా?"

కన్నీళ్లు తుడుచుకోదు. అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది.

"మీరు వాడికి చెప్పిన చోట మాత్రం లేను. రేపు కోర్టుకి రండి మాస్టారూ. అక్క పక్కనే ఉంటా!"