వేదిక ముందు మందు సీసా

పొద్దున్నే పాపకు ఇడ్లీ తినిపించి, మందు పోద్దామని అలమరలో చెయ్యి పెట్టింది కీర్తి. సీసా లేదు. మూడేళ్ల హనీషాకు మూర్ఛ. ఒక్క పూట మానినా ఫిట్స్ తిరగబెట్టవచ్చని డాక్టరుగారు చెప్పి ఉన్నారు.

అత్తగారు సువార్తమ్మ పెరట్లో పాడుకుంటూ గిన్నెలు తోముతోంది. అడిగితే తలెత్తకుండానే చెప్పింది. దేవుడే స్వస్థపరుస్తాడని నమ్మినవాళ్లు మందులు తెచ్చి వేదిక ముందు పెట్టమని కొబ్బరితోటలో జరుగుతున్న ఉజ్జీవ సభల్లో పాస్టరు వరప్రసాదం అయ్యగారు పిలుపిచ్చారట. రాత్రి పాప పడుకున్నాక సీసా కొంగున దాచుకెళ్లి పెట్టేసి వచ్చిందట.

ఆ వరప్రసాదంగారిని రాజోలులో సగం మంది దైవజనుడంటారు, సగం మంది గారడీవాడంటారు. కీర్తి ఇన్నాళ్లూ ఏమీ అనలేదు. మామగారు పోయాక కంచం ముందు కూర్చుని ఊరికే లేచిపోయే అత్తగారు, ఈ అయ్యగారి గొంతు విన్నాకే మళ్లీ తింది, మళ్లీ పాడింది. ఆ రుణం ఈ ఇంటిమీద ఉంది.

ఇప్పుడు మాత్రం కీర్తి ఊరుకోలేదు. మందుల షాపుకు వెళ్లి ఇంకో సీసా తెస్తానంది. సువార్తమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"దేవుడికి మాటిచ్చేనమ్మాయ్. మళ్లీ మందు పోస్తే మనకి నమ్మకం లేనట్టే కదా."

"మరి మీ బీపీ బిళ్లలు అలమరలోనే ఉన్నాయి కదండీ అత్తయ్యగారూ. ఇందాక వేసుకున్నారు కూడాను."

సువార్తమ్మ అలమర వైపు చూసింది. గుమ్మంలోనే కూలబడింది. కాసేపటికి లేచి, మొహమైనా కడుక్కోకుండా పాపను చంకనేసుకుని కొబ్బరితోటలోని పందిరికి నడిచింది. వెనకాలే కీర్తి.

ఉపవాస ప్రార్థన జరుగుతోంది. జనం మధ్యలోంచి వెళ్లి, సీసాల కుప్పలో వెతికి తమది తీసుకుంది సువార్తమ్మ.

"ఇచ్చింది వెనక్కి తీసుకుంటున్నారా అమ్మా?" మైకులో అడిగారు వరప్రసాదంగారు.

"నాది కానిది ఇచ్చేనండి అయ్యగారూ. ఇది పిల్లది."

ఆయన మైకు దించారు. పాప తలమీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో ఆగి, పక్కకు తప్పుకుని దారిచ్చారు.

పందిరి బయటే పాపకు మందు పోసింది కీర్తి. ఇక సభలకు రానని సువార్తమ్మ మెల్లగా అంది.

"రండి అత్తయ్యగారూ. మీరు పాడకపోతే ఇల్లు ఇల్లులా ఉండదండి. పాప మందు మాత్రం నాకొదిలెయ్యండి."

"ఆయ్," అని తలూపింది సువార్తమ్మ. కళ్లు మూసుకుని, అక్కడే కృతజ్ఞత ప్రార్థన మొదలుపెట్టింది. దేవుడి తర్వాత డాక్టరుగారిని తలుచుకుంది. ఆ తర్వాత, కోడలు ఇంటికొచ్చిన ఇన్నేళ్లలో మొదటిసారి, ప్రార్థనలో ఆమె పేరు చెప్పింది. కీర్తికి ఏడుపు ఆగలేదు.