కంప్యూటర్‌కి గుచ్చిన గూఢచారి

విమానాశ్రయం మెట్లు దిగుతున్న మన ఏజెంట్‌ని, సామాన్లు మోసే పోర్టర్ పట్టపగలే కాల్చి చంపాడు.

“కొత్త పాస్‌పోర్ట్, కొత్త మొహం. మన ఫొటో ల్యాబ్ తప్ప ఆ మొహం ఎవరూ చూడలేదు,” అన్నాడు చీఫ్. “అక్కడ ఈమధ్యే స్పెషల్ ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది నిజంగా అవసరమా, ఎవరైనా అంటగట్టారా? తేల్చు.”

“ల్యాబ్ ఇన్‌చార్జి నా బావమరిది, సార్,” అన్నాడు ఏజెంట్ డేగ.

“అందుకే నువ్వు. వాడి అబద్ధం నీకు వాసనొస్తుంది.”

మాసిన పెట్టుడు గడ్డంతో, ప్రింటర్ మెకానిక్ వేషంలో వెళ్ళిన డేగని బావమరిదే గుర్తుపట్టలేదు. ల్యాబ్‌లో సిరా వాసనని మించి సెంటు వాసన. సెంటు ఆ సాఫ్ట్‌వేర్ అమ్మిన సుందరిది. శత్రువుల కబుర్లు మనకు చేరవేసేదీ ఆమే. ఆమె పక్కన బావమరిది పళ్ళికిలిస్తున్నాడు.

“ప్రింటర్‌తో వచ్చే మామూలు డ్రైవర్ ప్రోగ్రామ్‌తో రంగులు వచ్చి చావవయ్యా! మాలాంటి ఆర్టిస్టులకు ఇదే ఉండాలి.” అన్నీ ఆమె నేర్పిన చిలకపలుకులే.

“రోల్స్ మీద గోడంత పోస్టర్లేసేవాళ్ళకైతే కావాలి సార్. అరచేతిలో పట్టే ఫొటోకి దేనికి?”

డేగ మామూలు డ్రైవర్‌లో కాగితానికి తగిన రంగుల సెట్టింగ్, అదే కలర్ ప్రొఫైల్, ఎంచి ఒక ఫొటో వేశాడు. అదే ఫొటోని సాఫ్ట్‌వేర్‌తో మళ్ళీ వేశాడు. భూతద్దం పెట్టినా తేడా లేదు.

తేడా అతని జేబులోని పెన్‌లో కనిపించింది. రేడియో సిగ్నల్ పసిగట్టే పెన్ అది. సాఫ్ట్‌వేర్ ప్రింట్ పూర్తయిన క్షణంలోనే ఎర్రగా వెలిగింది. సాఫ్ట్‌వేర్‌తోపాటు ఇచ్చిన వేలెడంత ప్లగ్, డాంగిల్, కంప్యూటర్‌కి గుచ్చుకుని ప్రతి మొహాన్నీ బయటికి పంపుతోంది!

“ఇప్పుడు పడుతున్నది ఎవరి ఫొటో?”

“ఇవాళ సరిహద్దు దాటే మన లేడీ ఏజెంట్‌ది,” అన్నాడు బావమరిది గొప్పగా.

తెరమీద ప్రింటింగ్ ఎనభై శాతం. డేగ ముందుకు దూకాడు. సుందరి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. అతను స్టూల్ ఎగదన్నాడు. గుండు సీలింగ్‌లో దిగింది. తొంభై తొమ్మిది శాతం దగ్గర డాంగిల్ ఊడి అతని చేతిలోకి వచ్చింది. పెన్ వెలగలేదు.

గార్డులు ఆమెకి బేడీలు వేశారు. “రెండువైపులా పనిచేశాను. తప్పేముంది?” అంది నవ్వుతూ.

డేగ గడ్డం పీకేశాడు. బావమరిది మొహం పాలిపోయింది.

“బావా!”

“ఎందుకు పెట్టించావురా ఇది?” డేగ వాడి కాలర్ పట్టుకున్నాడు.

“నా చేతిలో కళ ఉందంది బావా...”

“ఛీ! ఆ ఒక్క మాటకి మనిషిని చంపించావు.” వాణ్ణి తాకిన చేతిని డేగ ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“అక్కకి చెప్పకు బావా!”

“చెప్పన్లే. తమ్ముడివని ఏడ్చి క్షమించేస్తుంది. చీఫ్‌కి చెప్తా. ఆయనకి తమ్ముళ్ళు లేరు.”