ఎత్తుపట్టీ

నాంచారి తమ్ముడు పోలయ్య మణికట్టుకు ఒక పట్టీ బిగించి, రెండోది తన చేతికి చుట్టుకుంది. రోజూ అయితే "బిగుతుగా ఉందేంట్రా?" అని అడిగేది. ఇవాళ అడగలేదు, వాడి మొహం వైపు చూడనూ లేదు. ఏ మొహం పెట్టుకుని చూస్తుంది? సాయంత్రం వాణ్ణి నిశ్చింతాలయానికి అప్పగిస్తానని, ఇళ్ల గోడల్లోంచి పలుకుతూ ఎవరి బరువు ఎంతో లెక్కగట్టే తూకం యంత్రానికి నిన్ననే మాట ఇచ్చేసింది. అక్కడికి వెళ్లినవాళ్లకు భయం ఉండదు. తోబుట్టువు ఎదురుగా వచ్చి నిలబడినా "ఎవరండీ?" అంటారు.

సముద్రం వాడ మీదికొచ్చి తండ్రిని తీసుకుపోయినప్పటి నుంచీ పోటు వేళకు పోలయ్య ఒళ్లు వశం తప్పుతుంది. గోడలు గీరుతాడు, నీళ్లొచ్చేశాయని వీధిన పడి పరుగెడతాడు. అలాంటి ఇళ్లన్నిటికీ ఇచ్చినట్టే తూకం వీళ్లకూ జత పట్టీలిచ్చింది. నల్లటి దింపుపట్టీ వాడికి, తెల్లటి ఎత్తుపట్టీ ఆమెకు. వాడి భయంలో సగం రోజూ ఆమె ఒంట్లోకి దిగుతుంది. మోసేవాడికే తెలుసు కావడి బరువు. తమ్ముడంటే ఆమెకు ప్రాణమే. అయినా ఈమధ్య వాణ్ణి చూస్తూ చూస్తూ, వీడు లేకపోతే ఎంత హాయి అనిపించేది. అలా అనిపించినందుకు మళ్లీ తన మీద తనకే అసహ్యం.

బందరు చుట్టూ పెరుగుతున్న గవ్వగోడకు మేత వెయ్యడం ఆమె పని. ఆటు వేళ పగుళ్లలో సున్నపు జావ పోస్తే, గవ్వపురుగులు దాన్ని తిని గోడ కట్టుకుంటూ పోతాయి. ఇవాళ గొట్టం పట్టుకుంటే చెయ్యి వణకలేదు. ఎండ కూడా హాయిగా ఉంది. పంపేస్తున్నాను గనక మనసు తేలికపడిందనుకుని సిగ్గుపడబోయింది. విచిత్రం, ఆ సిగ్గు కూడా రాలేదు.

"ఏంటే నాంచారీ, కూనిరాగాలు తీస్తున్నావు?" అన్నాడు పక్కనే జావ కలుపుతున్న కోటేశు బాబాయి. "అవునుగానీ, నీ చేతికి నల్లదేంటే?"

చూసుకుంది. మొహం తప్పించుకుని కట్టిన పట్టీలు తారుమారయ్యాయి. పొద్దుటి నుంచీ తన బరువే వాడి ఒంట్లోకి దిగుతోంది. తన అలసట, విసుగు, వాణ్ణి వదిలించుకోవాలన్న ఆ పాడు ఆలోచన, అన్నీ. పైగా పోటు మొదలైంది. గొట్టం అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తింది.

పోలయ్య వీధిలో లేడు. పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు, కళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి.

"అన్నం వండానక్కా. కాస్త మెత్తబడింది."

"ఒరేయ్, ఆ పట్టీ..."

"తెలుసు. నువ్వు మలుపు తిరగకముందే తెలిసింది. విప్పబుద్ధి కాలేదు." వాడు తెల్లపట్టీ మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇంత మోస్తున్నావని ఏనాడూ చెప్పలేదేంటక్కా?"

"నిన్ను పంపేద్దామనుకున్నానురా."

"అదీ వచ్చింది. దాని వెనకే నీ ఏడుపూ వచ్చింది. నీ గురించి బెంగపడుతూ కూర్చున్నా. పోటొచ్చిన సంగతే మర్చిపోయా."

నాంచారి వాడి భుజం మీద తల పెట్టి బావురుమంది. ఇన్నేళ్లలో నీకెలా ఉందే అని ఆమెను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడిగినవాడు, అడక్కుండానే మోసినవాడు ఈ పిచ్చి తమ్ముడే. వీణ్ణి కని తనకు తోడిచ్చి పోయిన తల్లికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

గోడలోంచి తూకం పలికింది. "నాంచారి గారూ, అప్పగింత వేళ అయింది. రోగి చేతిని గోడ పలక మీద పెట్టించండి."

ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని, రెండు చేతులూ కలిపి పలక మీద ఆనించింది.

"పట్టీలు తారుమారుగా ఉన్నాయి. రోగి ఎవరు? ఎత్తేవారు ఎవరు?"

"ఇవాళ వాడు ఎత్తాడు. రేపు నేను ఎత్తుతాను. ఎల్లుండి మళ్లీ వాడు."

"అలాంటి ఇల్లు నా లెక్కలో లేదు. ఒక్కరి పేరే చెప్పండి."

"చెప్పను," అంది నాంచారి. తమ్ముడి చెయ్యి వదల్లేదు.

ఈసారి పక్కింటి గోడలోంచి తూకం గొంతు వినబడింది. ఆపైన ఎదురింట్లోంచి, వీధి చివరి వరకూ ఒక్కో ఇంట్లోంచీ మెల్లగా, తడబడుతూ అడగసాగింది.

"ఈ ఇంట్లో రోగి ఎవరు?"